ఆలస్యంగా వినిపించే మన గొంతు: నత్తికి డీఏఎఫ్ యాప్‌లు, పరికరాలు ఎంతవరకు అక్కరకొస్తాయి?

డీఏఎఫ్ యాప్ పెట్టుకుని ఒక పేజీ గట్టిగా చదివి చూడండి. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి మొదటి రెండు నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత అదే యాప్ పెట్టుకుని, ముక్కూమొహం తెలియని మనిషికి సొంత పేరు చెప్పి చూడండి. ఈ సమీక్ష ఆ రెండింటి మధ్య దూరం గురించి.

డీఏఎఫ్ (డిలేడ్ ఆడిటరీ ఫీడ్‌బ్యాక్) అంటే మన గొంతును మనకే కాస్త ఆలస్యంగా వినిపించే ఏర్పాటు. మైకు మాటను పట్టుకుంటుంది, యాప్ దాన్ని ఒక్క క్షణం ఆపి ఇయర్‌ఫోన్‌కు పంపుతుంది. ఆలస్యం 50 మిల్లీసెకన్లు అనుకుంటే, 17 మీటర్ల దూరంలో ఎవరో నిలబడి మన మాటల్ని మనతోపాటే పలుకుతున్నట్టు ఉంటుంది. చాలా యాప్‌లలో దీనికి జోడీగా ఎఫ్ఏఎఫ్ (ఫ్రీక్వెన్సీ ఆల్టర్డ్ ఫీడ్‌బ్యాక్) అని ఇంకో మీట ఉంటుంది. అది గొంతు శ్రుతిని పైకో కిందికో జరుపుతుంది. స నుంచి పై స వరకూ ఉన్న దూరంలో సగం, అంటే ఆరు సెమిటోన్లు జరిపితే సరిపోతుంది. పైకా కిందికా అన్నది చెవికి ఏది హాయిగా ఉంటే అది.

ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే నత్తిలో ఒక వింత తెలియాలి. నత్తి ఉన్న మనిషి మరొకరితో కలిసి ఒకే గొంతుగా చదివితే నత్తి దాదాపు మాయమవుతుంది. పాడేటప్పుడూ అంతే. పక్కన ఇంకో గొంతు ఉన్న భ్రమను యంత్రంతో కల్పించగలమా అన్నదే ఈ పరికరాల వెనక ఆలోచన. నిజానికి దారి అటునుంచి ఇటు వచ్చింది. 1950లో పరిశోధకుడు బెర్నార్డ్ లీ గమనించింది దీనికి వ్యతిరేకమైన సంగతి: ధారాళంగా మాట్లాడేవాళ్లకు వాళ్ల గొంతే సెకనులో ఐదో వంతు ఆలస్యంగా వినిపిస్తే వాళ్లే తడబడతారు, అక్షరాలు రెండుసార్లు పలుకుతారు, గొంతు పెంచుతారు. నత్తి ఉన్నవాళ్లకు అదే మందులా పనిచేసింది. 1960ల్లో ఇజ్రాయెల్ గోల్డైమండ్ 250 మిల్లీసెకన్ల ఆలస్యంతో మాటను బాగా సాగదీయించి ధారాళంగా పలికించాడు. 1990ల్లో జోసెఫ్ కలినోవ్‌స్కీ బృందం అంత ఆలస్యం అక్కర్లేదని, 50 దగ్గరే ఫలితం ఉందని, వేగంగా చదివినా నత్తి తగ్గుతోందని చూపించింది. 2001లో స్పీచ్ఈజీ అనే చెవి పరికరం వచ్చాక ఈ పని వినికిడి యంత్రమంత పరికరంలోకి దిగింది. ఇప్పుడు ఫోన్ ఉన్నవాళ్లందరికీ ఏదో ఒక యాప్ దొరుకుతోంది.

యాప్ తెరవగానే అందరూ చేసే తప్పు ఆలస్యం మీటను 200కు లాగడం. ఎక్కువ మోతాదు వేసుకుంటే ఎక్కువ గుణం అనుకుంటారు. 200 దాటితే మాట నూనెలో నడిచినట్టు జారి సాగుతుంది, వినేవాళ్లకు వింతగా ఉంటుంది, మనకు రెండు వాక్యాలకే విసుగొస్తుంది. సంభాషణకు 50తో మొదలుపెట్టి, పదేసి చొప్పున పెంచుకుంటూ 75 దాకా, మహా అయితే 100 దాకా వెళ్తే చాలు. 200, 250 మాటను నెమ్మది చేసే సాధనకు మాత్రమే. దాని సంగతి తర్వాత.

ఇక అసలు సమస్య. నత్తి మూడు తీరులుగా ఉంటుంది. "ప-ప-పదిహేను" అని అక్షరం మళ్లీ మళ్లీ రావడం ఒకటి. "స్స్స్సోమవారం" అని సాగిపోవడం ఇంకొకటి. మూడోది వినిపించనే వినిపించదు. నోరు "క" కోసం సిద్ధమవుతుంది, నాలుక వెనకభాగం అంగిటికి అతుక్కుంటుంది, గొంతులో గాలి బిగుస్తుంది, రెండు మూడు సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. దీన్ని బ్లాక్ అంటారు. యాప్ మన గొంతును తిరిగి వినిపించాలంటే ముందు మైకుకు ఏదో ఒకటి అందాలి కదా. నిశ్శబ్దాన్ని 60 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వినిపించినా అది నిశ్శబ్దమే. సాగదీత ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ యాప్‌లు బాగున్నాయనిపించి, బ్లాకులు ఎక్కువగా ఉన్నవాళ్లకు దండగ అనిపించడానికి పెద్ద కారణం ఇదే. ఈ ముక్క ప్రకటనల్లో కనిపించదు.

తెలుగులో ఇది ఏ అక్షరాల దగ్గర ఎక్కువ ఇబ్బంది పెడుతుందో ఊహించడం తేలిక. క, చ, ట, త, ప అనే పరుషాలతో మాట మొదలైతే పెదవులో నాలుకో విడిపడేదాకా గొంతు మోగదు. మ, న అయితే పెదవులు మూసి ఉండగానే ముక్కులోంచి మోత వస్తుంది. శ, స అయితే కనీసం గాలి చప్పుడు ఉంటుంది. అచ్చులకు అడ్డమే లేదు, అయితే అక్కడా స్వరతంత్రులే బిగుసుకుపోతే బ్లాక్ తప్పదు. అందుకే యాప్‌ను పరీక్షించేటప్పుడు "మనం", "సాయంత్రం" లాంటి మాటలతో సంతృప్తి పడకండి. "కిటికీ", "పట్టిక", "తలుపు" అని మొదలయ్యే వాక్యాలు పది రాసుకుని వాటితో చూడండి.

దీనికి కొన్ని యాప్‌ల సహాయ పేజీల్లో ఒక చిట్కా ఉంటుంది: ముందు "ఊఁ" అని మొదలుపెట్టి, ఆ మోత చెవిలో పడగానే మాటలోకి దిగమని. నాలుగు రోజులు పనిచేస్తుంది. తర్వాత "ఊఁ"కే నత్తి పట్టుకుంటుంది, "ఊఁ ఊఁ ఊఁ" అని అదే ఒక అలవాటవుతుంది. రెప్పలు కొట్టడం, తల విదిలించడం, తొడ మీద చరచడం లాంటి అలవాట్లన్నీ ఎక్కడో ఒకసారి మాటను బయటికి లాగినవే. లాగింది కాబట్టే అంటుకుపోయాయి.

అంతకంటే పనికొచ్చే పద్ధతి స్పీచ్ థెరపిస్టులు నేర్పే మెత్తని ఆరంభం. "పది" అనేటప్పుడు పెదవులు కాగితాన్ని తాకినంత తేలికగా తాకించి, కొంచెం గాలి పోనిచ్చి, ఆ "ప"లోని అచ్చును అర సెకను సాగదీయాలి. ఆ అర సెకను మోత చెవికి చేరితే యాప్‌కు పట్టు దొరికినట్టే. ఆ తర్వాత గొంతు ఆపకూడదు. ఇక్కడ తెలుగు మనకు పెద్ద సాయం చేస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "నేను రేపు ఉదయం వస్తాను" అన్న వాక్యాన్ని "నేనురేపుదయంవస్తాను" అని ఒకే ఊపిరిలో, గొంతు దాదాపు ఎక్కడా తెగకుండా అనొచ్చు. మాటకీ మాటకీ మధ్య ఆగితే ప్రతి మాటా కొత్త ఆరంభమే, ప్రతి ఆరంభమూ ఒక ప్రమాదమే. కలిపి పలికితే నాలుగు ఆరంభాలు ఒకటవుతాయి.

సరంజామా విషయానికొద్దాం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో డీఏఎఫ్ వాడొద్దు. బ్లూటూత్ తనంతట తానే 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం తెస్తుంది. మీట మీద 60 అని ఉంటుంది, చెవిలో 280 ఉంటుంది. "యాప్ పెట్టుకుంటే మాట ముద్దగా వస్తోంది, ఇంకా తడబడుతున్నాను" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. పైగా ఇయర్‌బడ్ మైకు వాడగానే ఫోన్ కాల్ నాణ్యతకు దిగిపోతుంది, హల్లులు మసకబారతాయి. వైరున్న, మైకున్న ఇయర్‌ఫోన్లే కావాలి. వైరుతో కూడా ఫోన్ సొంతంగా కొంత ఆలస్యం కలుపుతుంది, అది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది.

చెవిలో నిజంగా ఎంత ఉందో కొలవడం కష్టం కాదు. రెండో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ ముక్కను దాని మైకుకు ఆనించండి. డీఏఎఫ్ ఫోన్‌కు తగిలించిన ఇయర్‌ఫోన్ మైకు దగ్గర పెన్నుతో బల్ల మీద ఒక్కసారి టక్కున కొట్టండి. రికార్డింగ్‌ను ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిస్తే ముళ్లలా పైకి లేచిన రెండు గీతలు కనిపిస్తాయి: ఒకటి అసలు చప్పుడు, రెండోది ఇయర్‌ఫోన్‌లోంచి వచ్చింది. వాటి మధ్య దూరమే అసలు ఆలస్యం. మీటను సున్నా దగ్గర పెట్టి కొలిస్తే ఫోన్ సొంత ఆలస్యం తేలుతుంది. అది 40 వచ్చిందనుకోండి, చెవిలో 60 కావాలంటే మీట మీద 20 పెట్టాలి. సున్నా దగ్గరే 120 చూపించే ఫోన్ ఈ పనికి పనికిరాదు, యాప్ ఎంత మంచిదైనా.

చాలామంది పట్టించుకోని ఇంకో మీట "నాయిస్ గేట్" లేదా "నాయిస్ తగ్గింపు". చుట్టూ ఉన్న రొదను కొట్టేయడానికి, ఒక స్థాయి కంటే గట్టిగా ఉన్న చప్పుడునే లోపలికి రానిస్తుంది. దాన్ని ఎక్కువగా పెడితే మాట మొదట్లో మెల్లగా వచ్చే ముక్కను మింగేస్తుంది. నత్తి వచ్చేది ఎక్కువగా మాట మొదటి అక్షరం దగ్గరే, గేటు కోసేదీ అక్కడే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో దాన్ని పూర్తిగా ఆపేయండి. బయట వాడాల్సి వస్తే, మనం గుసగుసగా "అ" అన్నా తెరుచుకునేంత కిందికి దించండి. ధ్వని స్థాయి మామూలు మాటంత ఉంటే చాలు. రోజంతా గట్టిగా పెట్టుకుంటే చెవులకే ముప్పు: పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు.

రెండు చెవుల్లోనూ పెట్టుకుంటే ప్రభావం ఎక్కువ. కానీ ఎదుటి మనిషి మాట సరిగా వినపడదు. ఒక చెవిలోనే పెట్టుకుంటే సంభాషణ నడుస్తుంది, ప్రభావం కొంత తగ్గుతుంది. చెవిలో ఇమిడే ప్రత్యేక పరికరాలు సాధారణంగా ఒక చెవికే బిగిస్తారు. వాటి లాభం ఏమిటంటే ఆలస్యం అంకె నమ్మదగినది, వైర్లు ఉండవు, చూసేవాళ్లకు వినికిడి యంత్రంలా కనిపిస్తాయి. నష్టం: రద్దీగా ఉన్న చోట అందరి మాటలూ ఆలస్యంగా, శ్రుతి మారి చెవిలో పడతాయి. నలుగురు ఒకేసారి మాట్లాడే బల్ల దగ్గర దాన్ని తీసి జేబులో వేసుకోబుద్ధవుతుంది. గులిమి చేరి రంధ్రం మూసుకుపోవడం మామూలే, వారానికోసారి బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి.

ఫోన్ మాట్లాడేటప్పుడు సాయం కోసమే యాప్ కొనాలనుకునేవాళ్లకు ఒక చేదు సంగతి. కాల్ నడుస్తున్నప్పుడు ఫోన్ సాధారణంగా మైకును వేరే యాప్‌కు ఇవ్వదు. అంటే ఏ ఫోన్‌లో మాట్లాడుతున్నారో ఆ ఫోన్‌లో డీఏఎఫ్ నడవదు. రెండో ఫోన్‌లో యాప్ నడుపుతూ, దాని ఇయర్‌ఫోన్ ఒక చెవిలో, అసలు ఫోన్ ఇంకో చెవి దగ్గర పెట్టుకోవాలి. గందరగోళమే, కానీ కుదురుతుంది.

కొనే ముందు పరీక్ష ఎలా చేయాలి? అమ్మేచోట నిశ్శబ్దమైన గదిలో ఓపిగ్గా వినే మనిషి ముందు ఒక పేరా చదివిస్తారు. పరికరానికి అంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. పైగా ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదివితే ఏ పరికరం లేకపోయినా నత్తి తగ్గుతూ వస్తుంది, అయిదోసారికి దాదాపు సగానికి పడిపోవచ్చు. ముందు పరికరం లేకుండా, తర్వాత పరికరంతో అదే పేరా చదివిస్తే ఆ తగ్గుదలంతా పరికరం ఖాతాలో పడుతుంది. వేరే పేరా అడగండి. ఆ తర్వాత మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పి చూడండి. వేరే మాటలకైతే పర్యాయపదం వెతుక్కుని తప్పించుకోవచ్చు, సొంత పేరుకు పర్యాయపదం లేదు. చాలామందికి అదే అన్నిటికంటే కష్టమైన మాట.

ఇంట్లో లెక్క కట్టడానికి తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. స్పీచ్ థెరపీలో నత్తిని వందకు ఇన్ని సిలబుల్స్ అని కొలుస్తారు. మన అక్షరం దాదాపుగా సిలబుల్‌తో సమానం, కాబట్టి రాసిన పేజీలో అక్షరాలు లెక్కపెడితే పని అయిపోతుంది. 300 అక్షరాల చదువు, 300 అక్షరాల సొంత మాట, ఒక ఫోన్ కాల్, ఈ మూడూ పరికరం లేకుండా మూడు వేర్వేరు రోజుల్లో రికార్డు చేయండి. 300లో 15 అక్షరాల దగ్గర తడబడితే 5 శాతం. మూడు రోజులు ఎందుకంటే నత్తి రోజుకో తీరుగా ఉంటుంది. ఒక్క మంచి రోజును చూసి పరికరాన్ని మెచ్చుకున్నా, ఒక్క చెడ్డ రోజును చూసి తిట్టినా పొరపాటే. తర్వాత నాలుగు వారాలు వాడి మళ్లీ మూడు రోజులు కొలవండి. శాతంతోపాటు ఇంకో రెండు అంకెలు రాసుకోండి: రోజుకు ఎన్ని మాటలు మార్చి చెప్పారు, ఎన్ని కాల్స్ చేయకుండా మానుకున్నారు. శాతం తగ్గకుండా ఈ రెండూ తగ్గినా అది లాభమే. శాతం తగ్గి ఈ రెండూ పెరిగితే మాత్రం నత్తిని దాచడం నేర్చుకున్నారని అర్థం.

చదువులో కనిపించిన మెరుగు సంభాషణలో అంతగా కనిపించకపోవడం మామూలే. నెలలు గడిచేకొద్దీ కొందరిలో ప్రభావం పలచబడుతుంది, కొందరిలో నిలుస్తుంది. యాప్ తీసేయగానే చాలామందికి నత్తి ఎప్పటిలాగే వస్తుంది. కళ్లజోడు తీస్తే చూపు మళ్లీ మసకబారినట్టే, దీన్ని మోసం అనలేం. "21 రోజుల్లో నత్తి శాశ్వతంగా మాయం" అని రాసినవాళ్లను మాత్రం అనొచ్చు.

ఈ యాప్‌ల అసలు విలువ సాధన పనిముట్టుగా వాడితే కనిపిస్తుందని మా అభిప్రాయం. పాత పద్ధతి ఇలా ఉంటుంది: 250 దగ్గర మొదలుపెట్టి, ప్రతి అచ్చునూ సాగదీస్తూ చదవాలి. ఐదు నిమిషాలు తడబాటు లేకుండా సాగితే 200కు దిగాలి. అలా యాభై చొప్పున సున్నా దాకా. ఎక్కడైనా తడబడితే ఒక మెట్టు పైకెక్కాలి. మొదట చదువు, తర్వాత సొంత మాట, తర్వాత సంభాషణ. దీనికి తోడుగా నత్తి చికిత్సలో పేరున్న ఛార్లెస్ వాన్ రైపర్ ఇచ్చిన మూడు పద్ధతులు స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుంటే బ్లాకుల సంగతీ కొంత తేలుతుంది: తడబడ్డాక ఆగి అదే మాటను మెత్తగా మళ్లీ అనడం, తడబాటు మధ్యలోనే బిగువు సడలించి బయటికి జారడం, రాబోతోందని తెలిసినప్పుడు ముందే నోటిని తేలిక చేసుకోవడం. ఈ వరుసలోనే నేర్చుకోవాలి. మూడోది ముందు నేర్చుకోవాలని తొందరపడితే అది భయపడి తప్పించుకోవడంగా మారుతుంది.

చిన్నపిల్లల చెవుల్లో ఈ యాప్‌లు పెట్టకండి. నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది, మొదలైన పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి పైగా దానంతటదే పోతుంది. అలాగని ఏళ్లకేళ్లు ఎదురుచూడమని కాదు. ఆరునెలలు దాటినా ఉంటే, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉంటే, బిడ్డ మొహం బిగించి కష్టపడుతుంటే స్పీచ్ థెరపిస్టును కలవాలి. లిడ్‌కోంబ్ పద్ధతిలాంటివి తల్లిదండ్రులే రోజుకు పది పదిహేను నిమిషాలు ఇంట్లో చేయించేవి, ఆ వయసులో అవి పనిచేస్తాయనడానికి ఆధారాలు గట్టివి. పెద్దవాళ్లలో తలకు దెబ్బ తగిలాక, పక్షవాతం తర్వాత ఉన్నట్టుండి నత్తి మొదలైతే యాప్ మాట పక్కనపెట్టి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొనుక్కునేది నత్తి ఉన్న మనిషే అయినా, యాప్ పనితీరులో సగం వినేవాళ్ల చేతిలో ఉంటుంది. 60 మిల్లీసెకన్ల ఆలస్యంతో మెత్తగా ఆరంభించబోయే మనిషికి ఎదురుగా ఎవరో "నిదానంగా, ఊపిరి తీసుకుని చెప్పు" అంటే ఆ ఆరంభం అక్కడే బిగుసుకుంటుంది. నత్తి ఊపిరి చాలక వచ్చేది కాదు, కంగారువల్ల పుట్టేదీ కాదు. మెదడు మాట కదలికలకు వేళ కూర్చే పనిలో వచ్చే తేడా అది. మాట అందించి వాక్యం పూర్తి చేయడమూ సాయం కాదు. చాలాసార్లు తప్పు మాట అందిస్తారు, అప్పుడు "అది కాదు" అని చెప్పడానికి ఇంకో బ్లాక్ దాటాలి. మామూలుగా చూస్తూ ఆగండి, చెప్పిన విషయానికి జవాబివ్వండి. ఎంత బాగా పలికారో మెచ్చుకోకండి. జవాబుకు ముందు మీరే ఒక సెకను ఆగితే సంభాషణ వేగం దానంతటదే తగ్గుతుంది.

ఫోన్‌లో ఇంకో చిక్కుంది. బ్లాక్ అవతలివాళ్లకు లైను తెగినట్టు వినిపిస్తుంది. "హలో, హలో, వినపడుతోందా" అంటూ రెండు సెకన్లలో పెట్టేస్తారు. అందుకే కాల్ మొదట్లోనే "నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగుతాను, లైన్లోనే ఉంటాను" అని ఒక వాక్యం చెప్పేయడం చాలామందికి ఏ మీటకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. నోటితో మాట్లాడితేనే పనిచేసే యంత్రాలు అంతకంటే అసహనం గలవి, కొద్ది నిశ్శబ్దానికే "మన్నించండి, అర్థం కాలేదు" అంటాయి. బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడే సదుపాయం ఉంటే అదే వాడుకోండి.

మార్కులు వేయమంటే చదువుకు, ముందే రాసుకున్న ప్రసంగానికి 5కి 4. ఎదురెదురుగా ఒక మనిషితో మాటకు 3. గుంపులో 1. సాగదీత, పునరుక్తి ఎక్కువగా ఉన్నవాళ్లు ముందు ఉచిత యాప్, వైరు ఇయర్‌ఫోన్లతో నాలుగు వారాలు కొలిచి చూసి, లాభం అంకెల్లో కనిపిస్తేనే చెవి పరికరం దాకా వెళ్లండి. బ్లాకులే ఎక్కువైతే ఆ డబ్బు ముందు స్పీచ్ థెరపీ మీద పెట్టండి. పరికరం తీసుకున్నా, తిరిగి ఇచ్చే గడువు కనీసం నాలుగు వారాలు ఉందో లేదో రసీదు మీద చూసుకోండి, చెవి అచ్చు తీసిన డబ్బు వాపసు వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఆ గడువులో మొదటి వారం గదిలో చదువుతో గడిపేయకండి. మొదటి రోజునుంచే బయటికి పెట్టుకెళ్లి, "క"తోనో "ప"తోనో మొదలయ్యే వాక్యంతో తెలియని మనిషిని ఏదో ఒకటి అడగండి.